పక్క బాల్కనీ గోంగూర

రాజబాబుకి జనం మీద కుళ్లు లేదు. తనతో ఒకే విమానంలో దుబాయ్‌లో దిగిన రాజోలు కుర్రాడు సూపర్‌వైజరై కారు కొంటే, ముందు సీట్లో కూర్చుని "ఏసీ బాగా కొడతందిరా" అని మెచ్చుకుని దిగిపోయాడు. తమ్ముడు ఊళ్లో డాబా మీద డాబా వేస్తే, ఫొటో చూసి రంగు బాలేదన్నాడు తప్ప తిండి మానలేదు. ఎవడి గీత వాడిదని నమ్మే మనిషి. అలాంటి మనిషి, పక్క బాల్కనీలో బకెట్లో మొలిచిన ఆకు కోసం ఒక కుర్రాణ్ణి జైలు గుమ్మం దాకా తోసుకెళ్లాడు.

అతను దేరాలో ఒక కార్గో కంపెనీలో ఆఫీస్‌బాయ్. మీసంలో తెలుపు వచ్చినా బాయే. మలయాళీ మేనేజరుకి పంచదార తక్కువ చాయ్, లెబనాన్ ఆయనకి నల్ల కాఫీ, ఈజిప్టు నుంచీ సూడాన్ నుంచీ ఎవరైనా వస్తే కర్కదే. కర్కదే అంటే ఎండిన ఎర్ర పూరేకుల్లాంటివి వేడినీళ్లలో మరిగించి పంచదార కలిపే పుల్లటి పానీయం. ఒకసారి ఆ ఎండు రేకొకటి నోట్లో వేసుకుని నమిలి, రాజబాబు కిచెన్లోనే ఆగిపోయాడు. ఇది మా దొడ్లో గోంగూర కాయ తొడుగే కదా! పరిగెత్తుకెళ్లి క్యాషియర్‌కి చెప్పాడు. క్యాషియర్ కంప్యూటర్లోంచి తలెత్తకుండా, "రాజ్, ఏక్ చాయ్" అన్నాడు.

వారమంతా అతని పేరు రాజే. "రాజ్, పానీ." "రాజ్, ప్రింటర్ మే పేపర్." పూర్తి పేరుతో, పక్కన గారు తగిలించి పిలిపించుకునేది ఆదివారం ఒక్కరోజే. ఆ ఒక్కరోజూ గోంగూర పెట్టిన భిక్ష.

ఉండేది ఇంటర్నేషనల్ సిటీలో, ఇంగ్లండ్ క్లస్టర్లో. ఇంగ్లండులో ఉంటున్నానని ఊళ్లో చెప్పుకోమని భార్య దేవితో వేళాకోళమాడేవాడు. రెండు గదుల్లో ఆరుగురు బ్యాచిలర్లు, ఒక వంటగది, ఒక బాల్కనీ. కరోనా కాలంలో షాపులకి ఆకుకూరలు రావడం ఆగిపోయినప్పుడు, దేవి ఎప్పుడో ఆవకాయ జాడీతో పాటు పంపిన గోంగూర విత్తనాలు పెయింట్ బకెట్లో చల్లాడు. మొలిచాయి. నాలుగు గోడల మధ్య పప్పూ గుడ్డూ తిని నాలుక చచ్చిపోయిన జనానికి, ఒక సెలవు రోజున గోంగూర మటన్ వండి పెట్టాడు. సత్యప్రసాద్ అనే తణుకు కుర్రాడు, ఒక టైల్స్ షాపులో లెక్కలు రాసేవాడు, మొదటి ముద్ద పెట్టుకుని కళ్లు తుడుచుకున్నాడు. అంతే. ఆ రోజు నుంచీ అది ఆచారమైపోయింది. అప్పట్లో శుక్రవారం, సెలవులు మారాక ఆదివారం. వేరే క్లస్టర్ల నుంచి కూడా జనం చాపలు పట్టుకుని వచ్చేవారు. "రాజబాబు గారూ, మీ ఆకులో ఏముందండీ?" అని అడిగేవారు. రాజబాబు గరిట తిప్పుతూ నవ్వేవాడు తప్ప చెప్పేవాడు కాదు. నిజానికి చెప్పడానికేమీ లేదు. కానీ నవ్వు బాగుండేది.

అలా ఏళ్లు గడిచాక, ఒక వేసవి చివర్లో పక్క ఫ్లాటులోకి మల్లేశ్ వచ్చాడు. జగిత్యాల వైపు కుర్రాడు. బైకు మీద హోటళ్ల నుంచి ఇళ్లకి పార్సిళ్లు మోస్తాడు. రెండు బాల్కనీల మధ్య నడుమెత్తు గోడ. వచ్చిన వారానికే ఆ గోడవతల నాలుగు బకెట్లు వెలిశాయి.

"ఏటి తమ్ముడూ, ఏసేవు?" అని అడిగాడు రాజబాబు.

"పుంటికూర అన్నా."

"గోంగూర అనరా బాబూ."

"మీ దిక్కు గోంగూర, మా దిక్కు పుంటికూర. తింటె ఒక్కటే పులుపు గద అన్నా!"

రాజబాబు నవ్వాడు. ఈ కుర్రాడికి నాలుగు ఆకులొస్తే పప్పులో వేసుకుంటాడులే అనుకున్నాడు.

ఎండ తగ్గేసరికి ఆ నాలుగు బకెట్లూ గోడ దాటాయి. కాడలు ఎర్రగా, చిటికెన వేలంత లావున. ఆకులు అరచెయ్యంత, ఐదు వేళ్లు విప్పి గాలికి ఊగుతూ. ఇటు రాజబాబు మొక్కలు, ఎప్పటిలాగే ఉన్నాయి. బాగానే ఉన్నాయి. నిన్నటిదాకా బాగానే ఉన్నాయని అతనే అనుకున్నాడు. ఇవాళ గోడవతల చూసి ఇటు చూస్తే, వానలో తడిసిన కోడిపిల్లల్లా కనబడ్డాయి.

కుళ్లు అలాగే మొదలవుతుంది. మన కంచంలో కూర చల్లారదు, పక్క కంచంలో కూర పొగలు కక్కుతుంది.

పొద్దున్నే లేచి పళ్లు తోముకుంటూ ముందు అవతలికి చూడటం అలవాటైపోయింది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"మల్లేశూ, ఏం మేపుతున్నావురా వాటికి?"

"ఏం లేదన్నా. మొదాల మేకల పెంట ఇంత కలిపిన. గిప్పుడు ఏసీ నీళ్లు పోస్త, గంతే."

"ఏసీ నీళ్లా?"

మల్లేశ్ చూపించాడు. ఏసీ పైపు చివర చుక్కలు చుక్కలుగా కారే నీళ్లు ఒక డబ్బాలో పడుతున్నాయి. ఆ డబ్బా నిండినప్పుడల్లా బకెట్లలో ఒంపుతాడు. "ఉప్పు ఉండదన్నా దాంట్ల. వాన నీళ్ల లెక్క."

రాజబాబు నమ్మలేదు. ఏసీ కారే నీళ్లకి ఇంత ఆకా? తాను ఇన్నేళ్లూ ఆకు గుట్టు అడిగినవాళ్లకి ఎలా నవ్వి ఊరుకున్నాడో, వీడు అలా కట్టుకథ చెప్పి ఊరుకుంటున్నాడనుకున్నాడు. తన దగ్గర లేని రహస్యం వాడి దగ్గర ఉండి తీరాలి. ముందు గుండెలో దిగిన ముల్లు అది.

అసలే గోదావరి మనిషి. అటువైపు జనానికి పెట్టడం తెలుసు, ఆపడం తెలీదు. చుట్టం వద్దు వద్దంటుంటే ఇంకో రెండు గారెలు విస్తట్లో పడేసి, కడుపు పట్టుకుని పడిపోతే అప్పుడు మర్యాద జరిగిందని సంతోషిస్తారు. రాజబాబు మొక్కల విషయంలోనూ అదే మర్యాదకి దిగాడు. ఆఫీసులో టీ వడకట్టిన పిప్పి సంచీలో కట్టి తెచ్చి పోశాడు. చేపలు కడిగిన నీళ్లు పోశాడు. వర్సాన్ నర్సరీకి బస్సెక్కి వెళ్లి నీలం రంగు ఎరువు పొడి తెచ్చాడు. డబ్బా మీద వారానికోసారి చెంచాడు అని రాసుంది. చెంచా అంటే ఏ చెంచా? కూర చెంచా వేశాడు. నాలుగు రోజులకి ఆకు ముదురు ఆకుపచ్చగా నిగనిగలాడింది. గోడ మీద మోచెయ్యి ఆనించి మల్లేశ్ వినేలా, "మన ఆకు కూడా లేత్తంది తమ్ముడూ" అన్నాడు.

"మంచిగైందన్నా. ఇగ ఆపు. పచ్చదనం శానా ఎక్కింది."

ఆపమంటాడా! రాజబాబుకి ఒళ్లు మండింది. ఆ సాయంత్రం యూరియా కూడా పడింది.

ఆ తర్వాత ఆకుల చివర్లు గోధుమరంగు తిరిగాయి, పెనం అంచుకి తగిలిన అట్టులాగా. ఆకులు కిందికి వంకర తిరిగి, పక్షి గోళ్లలా ముడుచుకున్నాయి. మట్టి మీద ఉప్పు పూసినట్టు తెల్లటి పొర. రాజబాబు చూసి, పాపం ఆకలేస్తోందనుకున్నాడు. ఇంకో చెంచా వేశాడు.

వీడియో కాల్లో దేవికి చూపించాడు. ఆవిడ ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఏటయ్యా ఇది, మాడిపోయింది?"

"బలం చాలట్లేదే. ఇంకా పెడతన్నాను."

"పెట్టడవేంటి! అది మొక్కనుకున్నావా, కొత్తల్లుడనుకున్నావా? ఏరు కాలిపోయుంటది. ఇన్నేళ్లూ ఏం పెట్టకుండా బాగానే పెంచేవు కదా, ఇప్పుడేం పుట్టింది?"

పక్క బాల్కనీ పుట్టిందని చెప్పలేక, ఛార్జింగ్ అయిపోతోందని కాల్ కట్ చేశాడు.

ఆదివారం దగ్గరపడింది. కోద్దామంటే రాజబాబు బకెట్లలో మంచి ఆకు గుప్పెడు లేదు. బర్ దుబాయ్ వెళ్లి వాడిన కట్టలు కొనుక్కొద్దామని చొక్కా వేసుకుంటుంటే సత్యప్రసాద్ లోపలికొచ్చాడు. రెండు చేతులా ఆకు.

"బాబాయ్, ఇదిగో. పక్కింటి మల్లేశ్ ఇచ్చాడు. నీ మొక్కలు మాడిపోయాయి కదాని నేనే అడిగాను."

"నిన్నెవరు అడగమన్నారురా?"

"అదేంటి బాబాయ్! ఆకు ఎవరిదైతే ఏంటి, చెయ్యి నీదే కదా."

చెయ్యి తనదే. ఆ ఒక్క మాట పట్టుకుని వండాడు. కొత్తిమీర చల్లి మూత తీసేసరికి వాసన మెట్ల దాకా వెళ్లింది. జనం కూర్చున్నారు. మొదటి ముద్ద అందరూ ఎప్పటిలాగే తలొంచుకుని తిన్నారు. ఆ తర్వాత ఒకడన్నాడు, "ఈ వారం పులుపు వేరేగా ఉందండోయ్." ఇంకొకడు, "ఆకు వెన్నలా కరిగిపోతోంది." సత్యప్రసాద్ అన్నం కలుపుతూనే, "మరి ఎవరి ఆకనుకున్నారు? ఒరేయ్ మల్లేశూ, మధ్యలోకొచ్చి కూర్చోరా!" అన్నాడు. మూలన కూర్చున్న మల్లేశ్ సిగ్గుపడుతూ మధ్యలోకి జరిగాడు. అక్కడ ఇన్నేళ్లూ, వడ్డన అయ్యాక, రాజబాబు కూర్చునేవాడు.

వెళ్లేటప్పుడు ఒకాయన చెయ్యి తుడుచుకుంటూ అడిగాడు, "మల్లేశ్ గారూ, మీ ఆకులో ఏముందండీ?"

గారు! రాజబాబు గిన్నెలు తోముతూ విన్నాడు. గిన్నెకి సొట్ట పడింది.

మర్నాడు సాయంత్రం డ్యూటీ దిగి వస్తుంటే కింద కలీం కనబడ్డాడు. బిల్డింగ్ నాతూర్, అంటే వాచ్‌మన్. పెషావర్ వైపు మనిషి, బాల్కనీలో ఎవరైనా బట్టలు ఆరేస్తే కింద నుంచి కేకలేయడం అతని పని. ఆ రోజు కేకలేయలేదు, పలకరించాడు.

"రాజా భాయ్, కల్ మటన్ బహుత్ అచ్ఛా థా, సునా! మల్లేశ్ కా పత్తా, బోలే సబ్."

వాచ్‌మన్‌కి కూడా తెలిసిపోయింది. రాజబాబు నోట్లోంచి మాట ముందు వచ్చింది, బుద్ధి వెనక వచ్చింది.

"పత్తా? తుమ్ దేఖా కభీ వో పత్తా? పాంచ్ ఉంగ్లీ వాలా. కైసా పత్తా హై, హమ్‌కో క్యా మాలూమ్!"

ఐదు వేళ్ల ఆకు. ఆ మాటకి ఇక్కడ ఎవడికైనా ఒకటే గుర్తొస్తుంది. గంజాయి పేరు ఫోనులో కూడా గొంతు తగ్గించి పలికే చోటు ఇది. కలీం ముఖంలో నవ్వు పోయింది. రాజబాబు వెంటే పైకొచ్చి, రాజబాబు బాల్కనీలోంచే గోడవతలికి ఫోన్ చాపి ఫొటో తీసుకున్నాడు. పోతూ, రాజబాబు వైపు ఒక చూపు చూశాడు.

నేను గంజాయి అన్నానా? అనలేదు. ఐదు వేళ్లు అన్నాను. ఉన్నవి ఐదే కదా. బకెట్లు తీసేయమంటారు, ఖలాస్. వాడు ఇంకేదైనా కూర వేసుకుంటాడు. రాజబాబు తనకి తాను ఇలా చెప్పుకుని ఆ వారమంతా హాయిగా చాయ్‌లు కాశాడు. హాయిగా అంటే, రెండుసార్లు పంచదార బదులు ఉప్పు వేశాడు.

శనివారం మధ్యాహ్నం ఉల్లిపాయలు తరుగుతుంటే గోడవతల నుంచి కేకలు. వెళ్లి చూశాడు. మల్లేశ్ బాల్కనీలో బిల్డింగ్ ముదీర్, అంటే మేనేజరు, నిలబడి ఉన్నాడు, ఈజిప్టు ఆయన, పెద్ద పొట్ట, చేతిలో ఫోన్. వెనక కలీం. మల్లేశ్ బనీను మీద ఉన్నాడు, చేతులు రెండూ జోడించి.

"సర్, ఖానే కా సర్! సబ్జీ! పుంటికూర సర్!"

"సబ్జీ?" ముదీర్ ఒక ఆకు తుంచి వేళ్లు లెక్కపెట్టాడు. "ఐ కాల్ పోలీస్. యూ టెల్ పోలీస్ సబ్జీ."

"సర్, ఇంట్ల అవ్వ ఉన్నది సర్, నా మీదనే ఉన్నది..." ముదీర్‌కి అర్థం కాని తెలుగులోకి జారిపోయాడు మల్లేశ్. గొంతు చిన్నపిల్లాడిదయింది. అప్పుడే గోడ మీదుగా రాజబాబు కనబడ్డాడు. మల్లేశ్ కళ్లలో ఒక్కసారిగా ప్రాణం వచ్చింది.

"రాజబాబన్నా! నువ్వన్న చెప్పే అన్నా! గిది ఏందో నీకు ఎర్కే గద!"

కలీం కూడా రాజబాబునే చూస్తున్నాడు.

ఇక్కడ రాజబాబు గుండెలో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పాలి. ముందు జాలి రాలేదు. ముందు వచ్చింది భయం, తన పేరు బయటికొస్తుందని. దాని వెనక, పోనీ పోతే పోతాడు అన్న పాడు ఆలోచన ఒకటి తొంగి చూసి, సిగ్గుపడి వెనక్కి పోయింది. అప్పుడు కాళ్లు కదిలాయి. గోడ ఎక్కి దూకేశాడు, చేతిలో ఉల్లిపాయ కత్తితో సహా. ముదీర్ ఒకడుగు వెనక్కి వేశాడు.

"సార్, సేమ్ ప్లాంట్ మై బాల్కనీ! ఆల్ ఆంధ్రా పీపుల్ ఈటింగ్!"

"షో మీ."

చూపించాడు. ముదీర్ గోడ మీదుగా వంగి, మాడి మసై, గోళ్లలా ముడుచుకున్న మొక్కల్ని చూశాడు. తర్వాత మల్లేశ్ మొక్కల్ని చూశాడు. "దిస్? సేమ్?" అన్నాడు. "దిస్ వన్ డెడ్."

అంత అవమానం జీవితంలో ఎవరూ చెయ్యలేదు రాజబాబుకి. మింగాడు. మల్లేశ్ బకెట్లోంచి ఆకు తుంచి పచ్చిగా నమిలాడు. దవడలు లాగేసే పులుపు. ప్రాణం మీదికి వచ్చిన ఆ నిమిషంలో కూడా ఒక పురుగు లోపల కుట్టింది: నిజమే, నా ఆకుకి ఎప్పుడూ ఇంత పులుపు లేదు.

"మేకలు కూడా అన్నీ తింటాయి" అన్నట్టు ఏదో అరబీలో గొణిగి ముదీర్ నంబరు నొక్కబోయాడు. రాజబాబు కళ్లు బకెట్లన్నీ తడిమాయి. మూలన ఒక మొక్క. దాన్ని మల్లేశ్ కొయ్యకుండా విత్తనానికి వదిలేశాడు. దాని కొమ్మ పొడుగునా ఎర్రెర్రగా, లావుగా, కాయల చుట్టూ తొడుగులు.

"కర్కదే!" అని అరిచాడు రాజబాబు. "సార్, కర్కదే! ఫైవ్ మినిట్!"

ముదీర్ వేలు ఫోన్ మీద ఆగింది.

నాలుగు కాయలు తుంచుకుని రాజబాబు, మల్లేశ్ వాళ్ల వంటగదిలోకి దూరాడు. తొడుగులు ఒలిచి నీళ్లలో పడేశాడు, పంచదార ఎక్కడుందో మల్లేశ్ వేలితో చూపించాడు. రోజూ చేసే పనే. నీళ్లు ముందు గులాబీ రంగు, ఆ తర్వాత రక్తం రంగు తిరిగాయి. గాజు గ్లాసులో పోసి, ఆఫీసులో ఇచ్చినట్టే, కింద సాసరు పెట్టి రెండు చేతులా అందించాడు.

ముదీర్ వాసన చూశాడు. గుక్క తాగాడు. ఇంకో గుక్క. కాయని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. పొట్ట ముందు కదిలింది, తర్వాత నవ్వు వచ్చింది.

"దా కర్కదే! వల్లాహి కర్కదే!" అని మల్లేశ్ భుజం మీద ఒక్కటి చరిచాడు, కుర్రాడు కూలబడిపోయాడు. తమ ఊళ్లో పెళ్లిళ్లకి ఇదే పోస్తారనీ, ఆకు ఎప్పుడూ చూడలేదనీ, అక్కడ సంచుల్లో ఎండినవే దొరుకుతాయనీ ఇంగ్లీషూ అరబీ కలిపి చెప్పాడు. కాయలు అడిగి జేబు నింపుకున్నాడు. అప్పుడు కలీం మీదికి తిరిగాడు. ఏ గాడిద చెప్పాడు నీకు ఇది హషీష్ అని?

రాజబాబు చేతిలో ఖాళీ గ్లాసు. కలీం తాపీగా మీసం దువ్వుకున్నాడు.

"బిల్డింగ్ మే బాత్ థీ, సర్."

అంతే అన్నాడు. ముదీర్ తిట్టిన తిట్లన్నీ తానే తిన్నాడు.

వాళ్లు మెట్లు దిగగానే మల్లేశ్ వచ్చి రాజబాబు కాళ్ల మీద పడ్డాడు. "నీ కాల్మొక్త అన్నా. నువ్వు లేకుంటె నేను గియ్యాల జైల్ల ఉందును."

"లే, లే. ఏటిది! లేవరా" అంటూ రాజబాబు వెనక్కి జరిగాడు. కాళ్లు పట్టుకుని మెడ కోసినట్టుంది అతనికి.

"ఏ లుచ్చ చెప్పిండో అన్నా, గానికి పురుగులు పడ!"

"పడతాయ్ లేరా" అన్నాడు రాజబాబు.

ఆ సాయంత్రమే మల్లేశ్ గోడ దూకి వచ్చి రాజబాబు బకెట్లు వంచి, మట్టిలోంచి తెల్లటి నీళ్లు కారిపోయేదాకా ఏసీ నీళ్లు పోశాడు. "శానా మేపినవన్నా. గింత తింటె మనిషైనా సస్తడు." రాజబాబు పక్కన నిలబడి డబ్బా అందించాడు. ఏసీ నీళ్లే. నిజంగా ఏసీ నీళ్లే! దాచిన గుట్టంటూ ఏదీ లేదు. అది ఇంకా మండింది. గుట్టు ఉంటే, ఓడినా ఒక మర్యాద ఉండేది.

ఆదివారం మళ్లీ జనం. ఆకు మళ్లీ మల్లేశ్‌దే. కానీ ఈసారి మల్లేశ్ మధ్యలో కూర్చోలేదు. రాజబాబునే రెక్క పట్టుకుని తీసుకొచ్చి మధ్యలో కూలేశాడు. "గీ అన్న లేకుంటె నేను లేను" అని మొదలుపెట్టి గోడ దూకిన కథ, కత్తి కథ, కర్కదే కథ చెప్పాడు. జనం కంచాలు పక్కన పెట్టి చప్పట్లు కొట్టారు. "రాజబాబు గారూ!" "అబ్బో, మా రాజబాబు గారు!" అని అరిచారు. ఇన్నాళ్లూ ఏ గారు కోసం కడుపు కాల్చుకున్నాడో ఆ గారు గంపెడు వచ్చి నెత్తిన పడింది. సత్యప్రసాద్ ఈలేశాడు. రాజబాబు కలిపిన ముద్దనే మళ్లీ మళ్లీ కలుపుతున్నాడు.

అప్పుడు తలుపు దగ్గర ఎవరో దగ్గారు. కలీం. ఇన్నేళ్లలో ఎప్పుడూ భోజనానికి ఈ గుమ్మం ఎక్కనివాడు, శుభ్రంగా ఉతికిన సల్వార్ కమీజు వేసుకుని, చెప్పులు బయట విడిచి వచ్చాడు. సరాసరి రాజబాబు పక్కనే చాప మీద కూర్చుని, కంచం ముందుకు జరిపాడు.

"రాజా భాయ్," అన్నాడు చల్లగా, "ఖానా నహీఁ ఖిలాఓగే?"

రాజబాబు లేచి గిన్నె దగ్గరికెళ్లాడు. మూలుగ ఎముక ఒకటే ఉంది, ఎప్పుడూ తనకోసం అడుగున దాచుకునేది. గరిటతో వెతికి తీసి కలీం కంచంలో వేశాడు. మీద కూర పోశాడు. చాలనలేదు కలీం. ఇంకో గరిట పోశాడు.

కలీం ఎముక కొరికి, మూలుగ జుర్రి, కళ్లు మూసుకున్నాడు. "వాహ్" అన్నాడు. "మల్లేశ్, తేరా పత్తా కమాల్ హై!"

గరిట పట్టుకుని నిలబడ్డ రాజబాబుకి, అంత భయంలోనూ, కడుపులో భగ్గుమంది.